ఎలక్టివ్ నంబరు నాలుగు

స్వర్ణరేఖ యూనివర్సిటీలో ఎన్నిక అన్న మాట పైకి అనరు. జూబ్లీహిల్స్ దాటి ఫిల్మ్‌నగర్ వైపు దిగుతుంటే బండరాళ్ళ మధ్య అయిదంతస్తుల అద్దాల మేడ ఒకటి కనిపిస్తుంది చూడండి, అదే. అక్కడ క్లాసు లీడరును ఎంపిక చేస్తారు. విద్యార్థి మండలిని నియమిస్తారు. ఛాన్సలరుగారైతే పాత ఛాన్సలరుగారికి పుట్టారు. ఓటు, పోటీ, గెలుపు లాంటి ముక్కలు చెవిన పడితే యాజమాన్యానికి బీపీ పెరుగుతుంది. పిల్లలు తమంతట తాము ఎంచుకునేది ఏడాదికి ఒక్కటంటే ఒక్కటి, దాన్ని ఎలక్టివ్ అంటారు. దానికీ గడువు మూడే రోజులు, సోమవారం పొద్దున్నుంచి బుధవారం సాయంత్రం అయిదింటి దాకా.

ఈ ఏడాది ఎలక్టివులు నాలుగున్నాయి. ఒకటి డ్రోన్ ఛాయాగ్రహణం. రెండు కంప్యూటరుతో గొంతు తయారీ. మూడు డిజిటల్ మార్కెటింగ్. నాలుగు తెలుగు సంభాషణ, ఉచ్చారణ. పదిహేను మంది కన్నా తక్కువ చేరితే ఆ ఎలక్టివును తీసేస్తారు. అలా తీసేసినదాన్ని మళ్ళీ పెట్టిన దాఖలా ఇంతవరకూ లేదు.

నాలుగోది మార్తమ్మది.

మార్తమ్మకు యాభై ఏడేళ్ళు. అందులో ముప్ఫై ఏళ్ళు డబ్బింగు థియేటర్లలోనే గడిచిపోయాయి. బొంబాయి నుంచి, ఢిల్లీ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో తెలుగు ముక్క రాని హీరోయిన్లు దిగేవారు, పెదాలు కదిపేవారు, వెళ్ళిపోయేవారు. మిగతాదంతా ఈవిడ పని. నవ్వింది ఈవిడే, అలిగింది ఈవిడే, వానలో తడిసి ప్రేమించానని చెప్పిందీ ఈవిడే. ఆ గొంతును రెండు రాష్ట్రాల వాళ్ళూ గుర్తుపడతారు. మనిషిని యూసుఫ్‌గూడలో వాళ్ళ వీధి చివర కూరగాయలమ్మే జగదాంబ కూడా గుర్తుపట్టదు. టైటిల్స్‌లో పేరు వేస్తామని ప్రతి నిర్మాతా అన్నాడు. అనడం వరకే వాళ్ళ బాధ్యత.

ఇప్పుడు ఆ పనీ లేదు. హీరోయిన్లే తమ గొంతుతో వచ్చీరాని తెలుగు మాట్లాడేస్తున్నారు, జనం ముద్దుగా ఉందంటున్నారు. ముద్దేమిటో ఖర్మ! మిగిలిన కాస్తా కంప్యూటరు లాక్కుపోతోంది. ఆ సమయంలో స్వర్ణరేఖ వాళ్ళు పిలిచి వారానికి రెండు క్లాసులిచ్చారు. మూడేళ్ళ కిందట నోటీసు బోర్డు మీద మొదటిసారి 'ఎలక్టివ్ 4 - శ్రీమతి మార్తమ్మ' అని అచ్చులో చూసుకున్నప్పుడు ఆవిడ లిఫ్టు ఎక్కకుండా అక్కడే నిలబడిపోయింది. ఎక్కాక మళ్ళీ దిగి వచ్చి ఇంకోసారి చూసింది. ఎవరికీ చెప్పలేదు. సిగ్గుచేటు కదా, ఈ వయసులో.

కాబట్టి విషయం ఇదీ. పదిహేను మంది రాకపోతే ఆ బోర్డు మీద పేరు పోతుంది. కిందటేడు పదిహేడు మంది వచ్చారు. ఈసారి డ్రోన్లు దిగాయి.

గడువుకు ముందు శనివారం ఎలక్టివుల వ్యవహారం చూసే సాయిశ్రీనివాస్ ఆవిడను పిలిపించాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. తప్పు చేయడు, సాయమూ చేయడు.

"మేడమ్, ఎలక్టివ్ రిజిస్ట్రేషన్ గురించి స్టూడెంట్స్ అందరికీ ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పంపాలి. మీ వాయిస్ అయితే క్లియర్‌గా ఉంటుందని మేనేజ్‌మెంట్ ఫీలవుతోంది. కొంచెం రికార్డ్ చేసిపెట్టండి. న్యూట్రల్‌గా ఉండాలి సుమా, మీ సబ్జెక్ట్ కూడా లిస్ట్‌లో ఉంది," అన్నాడు.

స్క్రిప్టు ఆయనే రాశాడు. నాలుగు ఎలక్టివుల పేర్లు, ఒక్కొక్కదాని గురించి ఒక్కో వాక్యం, చెప్పేవాళ్ళ పేరు. చివర్లో ఒక లైను: 'ఒకసారి ఎంచుకున్న తరువాత మార్చుకోవడానికి వీలు లేదు.'

ఆ కాగితం ఇంటికి తెచ్చుకుంది. మొగుడు జాన్ బాబు దాన్ని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. రిటైరైన హెల్త్ ఇన్‌స్పెక్టరు, సొంతూరు రేపల్లె, ఎన్నికలంటే ప్రాణం. మోతీనగర్‌లో వాళ్ళు వెళ్ళే చర్చి కమిటీకి ఆరుసార్లు నిలబడ్డాడు. అయిదుసార్లు ఓడిపోయాడు. ఆరోసారి ఏకగ్రీవం, ఎదుటి మనిషికి ఆపరేషను పడటం వల్ల. ఆ అనుభవంతో సలహా ఇచ్చాడు.

"ఇదిగో, మైకు నీ చేతిలో ఉంది. నీ దాని దగ్గరకొచ్చేసరికి కాస్త పైకెత్తు. మిగతా మూడూ పాల ప్యాకెట్ రేటు చెప్పినట్టు చెప్పి వదిలెయ్."

"తప్పండీ. నమ్మి ఇచ్చారు," అంది మార్తమ్మ.

"నీ నమ్మకం నట్టేట ముంచకపోతే చూడు," అన్నాడు జాన్ బాబు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో భార్యను 'ఇదిగో' అని తప్ప పిలిచి ఎరగడు. ప్రేమ లేక కాదు, అలవాటు లేక.

మార్తమ్మ నిజాయితీగానే రికార్డు చేసింది. అసలు చిక్కంతా ఆ నిజాయితీలోనే ఉంది. తన క్లాసు వైపు మొగ్గు చూపకూడదని ఎంత గట్టిగా అనుకుందంటే, మిగతా మూడింటికీ ఒంట్లో ఉన్న విద్యంతా ధారపోసింది. ఆవిడకు లైను చదవడం రాదు. ఏ లైను ఇచ్చినా దాని వెనకాల ఒక మనిషిని నిలబెట్టుకుంటేనే గొంతు లేస్తుంది. డ్రోన్ దగ్గరికొచ్చేసరికి, జీవితంలో మొదటిసారి తను పుట్టిన ఊరిని పైనుంచి చూస్తున్న పిల్ల కళ్ళ ముందు నిలిచింది. "ఆకాశం నుంచి చూస్తే మీ వీధి ఎలా ఉంటుందో తెలుసా?" అని మార్తమ్మ అడిగితే రాయి కూడా తల పైకెత్తుతుంది. గొంతు తయారీ క్లాసు గురించి రహస్యం చెబుతున్నట్టు చెప్పింది. డిజిటల్ మార్కెటింగ్‌కు కూడా ఒక చిరునవ్వు తెచ్చింది, ఎక్కడి నుంచో దేవుడికే తెలియాలి. చివరి లైను, 'మార్చుకోవడానికి వీలు లేదు' అన్నది, పూర్వం సినిమాల్లో అత్తగార్లకు చెప్పినంత గట్టిగా చెప్పింది.

తనది వచ్చేసరికి వెనకాల నిలబెట్టుకోవడానికి మనిషి దొరకలేదు. "నాలుగు. తెలుగు సంభాషణ, ఉచ్చారణ. మాట మనిషికి అందం. బోధకురాలు శ్రీమతి మార్తమ్మ." గ్యాసు సిలిండరు బుక్కయిందని చెప్పినట్టు చెప్పి ముగించింది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడ్డట్టు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నూట ఎనభై మంది పిల్లల ఫోన్లు మోగాయి. సాయంత్రానికి డ్రోన్‌లో యాభై రెండు మంది చేరారు. డ్రోన్లు నేర్పే రాబర్ట్ అనే కుర్రాడు స్టాఫ్ రూములో బిక్కమొహం వేసుకున్నాడు, వాడి దగ్గరున్నవి మూడే డ్రోన్లు. గొంతు తయారీలో ముప్ఫై ఒకటి, మార్కెటింగ్‌లో ఇరవై. నాలుగో దానిలో నలుగురు.

"నంబరుకు తగ్గట్టు వచ్చారు," అన్నాడు జాన్ బాబు. మంగళవారం పొద్దున తెల్లచొక్కా వేసుకుని, డైరీ చంకలో పెట్టుకుని భార్య వెంట బయల్దేరాడు.

చర్చి ఎన్నికల్లో ఆయన నేర్చుకున్నది ఒకటుంది. నోరు తెరిచి ఓటు అడగకూడదు, అడిగితే లోకువైపోతాం. ఇంటికి వెళ్ళి కూర్చుని, మా గురించి కాస్త ప్రార్థన చేయండి అనాలి. అవతలివాళ్ళకు అర్థమవుతుంది. క్యాంటీనులో ఆ పద్ధతే మొదలుపెట్టాడు. పరోటా తింటున్న పిల్లల పక్కన కూర్చునేవాడు. "ఏం బాబూ, బాగా చదువుతున్నారా? మా ఆవిడ ఇక్కడే చెబుతుంది, నాలుగో ఎలక్టివు. మీ ఆశీస్సులు ఉండాలి," అనేవాడు. ఇరవై ఏళ్ళ పిల్లలను ఆశీస్సులు అడిగిన మనిషిని వాళ్ళు పుట్టాక చూసి ఉండరు. "తప్పకుండా అంకుల్, మేడమ్‌కే," అన్నారు అందరూ. సాయంత్రానికి డైరీలో ముప్ఫై ఒక్క పేర్లు ఎక్కాయి.

"సగం కొట్టేసినా పదిహేనుంటాయి, భయపడకు," అన్నాడు.

సాయంత్రం లెక్క చూస్తే నలుగురు కాస్తా ఆరుగురయ్యారు. అందులో ఒకడు పొరపాటున నొక్కానని మర్నాడు రాబర్ట్‌తో చెప్పుకున్నాడట.

మార్తమ్మకు మొదటిసారి నిజంగా దుఃఖం వచ్చింది. క్లాసు పోతుందని కాదు. మనిషి ఎదురుగా అవునని వెనక్కి తిరిగి కాదనడం ఆవిడ పరిశ్రమలో బోలెడు చూసింది. కానీ వీళ్ళు పిల్లలు. తనను వద్దనుకోవడానికి అబద్ధం ఆడాల్సినంత కష్టం వాళ్ళకెందుకు వచ్చిందా అని ఏడుపొచ్చింది. ఏడిస్తే గొంతు పాడవుతుందని ఆపుకుంది. అదీ అలవాటే.

బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా కూర్చుని ఉంటే భువన వచ్చింది. రెండో సంవత్సరం పిల్ల, బోరబండ నుంచి వస్తుంది. కిందటేడు ఎవరో షార్ట్ ఫిల్మ్ తీసేవాడు, నీ యాస పనికిరాదు మార్చుకో అన్నాడని ఈవిడ దగ్గరికొచ్చి కూర్చుంది. "యాస జోలికి పోకు. మాట చివర మింగేస్తున్నావు, అది మానెయ్, చాలు," అని నాలుగు రోజులు కూర్చోబెట్టి చెప్పి పంపింది మార్తమ్మ. అప్పటి నుంచి ఆ పిల్ల కనపడితే చాలు చేతిలో బ్యాగు లాక్కుని మోస్తుంది.

"మేడమ్, ఒక మాట అంటే కోపం చేస్తరా?"

"చేసే ఓపిక లేదు. చెప్పు."

"ఆ మెసేజ్ నేను మస్తుసార్లు ఇన్న. మూడింటికి మీరే మాట్లాడిన్రు. నాలుగోది మాత్రం మీరు కాదు మేడమ్. ఎవరో పేరు సదివినట్టుంది. మీ పేరు చెప్పేటప్పుడు మీ గొంతెక్కడ పోయింది?"

మార్తమ్మ ఫోను తీసి విన్నది. మళ్ళీ విన్నది. ముప్ఫై ఏళ్ళలో ఇంత చెత్త టేకు ఇచ్చి ఎరగదు. ఇంకొకరు ఇలా చెప్పి ఉంటే సౌండ్ ఇంజనీరుతో చెప్పి ఆపించేది.

"ఇది నేనేనా?" అంది.

"అదే కదా మేడమ్ నేను అడిగేది."

ఇద్దరూ సాయిశ్రీనివాస్ దగ్గరికి వెళ్ళారు. జాన్ బాబు కూడా డైరీతో వెనకాలే వచ్చాడు. సాయిశ్రీనివాస్ కంప్యూటరులో చూసి చెప్పాడు: నూట యాభై ఆరుగురు ఎంచుకున్నారు, ఇరవై నలుగురు ఇంకా ఏదీ నొక్కలేదు. ప్రతి ఎన్నికలోనూ ఉంటారు వీళ్ళు, పోలింగు రోజు సెలవు కదా అని పడుకునే బాపతు.

"వాళ్ళకు మూడున్నరకు ఫైనల్ రిమైండర్ వెళ్తుంది. రీ-రికార్డ్ చేస్తానంటే నాకు అబ్జెక్షన్ లేదు మేడమ్. కానీ స్క్రిప్ట్‌లో ఒక్క వర్డ్ కూడా మారకూడదు. అడిషన్లు, డిలీషన్లు నో."

"మాట మార్చను. గొంతు మారుస్తాను," అంది మార్తమ్మ.

ఇంకా తొమ్మిది మంది కావాలి. అప్పుడు టైము రెండూ పది.

యూనివర్సిటీ సెల్లార్‌లో చిన్న రికార్డింగు గది ఉంది. ఆపరేటరు సెలవులో ఉండటంతో సాయిశ్రీనివాసే అద్దం అవతల కూర్చుని బటన్ నొక్కాడు. మార్తమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మొదటి మూడూ పాతవే ఉంచారు, వాటికి వంకేమీ లేదు. నాలుగోది మొదలుపెట్టింది.

"తెలుగు సంభాషణ, ఉచ్చారణ. మాట మనిషికి అందం. బోధకురాలు శ్రీమతి..." అక్కడ ఆగింది. గొంతు లోపలికి వెళ్ళి కూర్చుంది.

"టేక్ టూ," అన్నాడు సాయిశ్రీనివాస్. ఆ మాట అనడం ఆయనకు అదే మొదటిసారి. కాస్త నచ్చినట్టే ఉంది.

రెండో టేకులో పేరు వచ్చింది గానీ రేషన్ షాపులో పిలిచినట్టు వచ్చింది. మూడోది మరీ తీయగా ఉందని తనే ఆపేసింది. నాలుగోది వింటే ఎవరో పోయిన మనిషి గురించి చెబుతున్నట్టుంది. అయిదో దానికి దగ్గు.

జాన్ బాబు అద్దం దగ్గరికొచ్చి మైకులో మాట్లాడాడు. "ఏంటి నువ్వు, రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకోవూ? అలా చెప్పెయ్."

"ప్రార్థనలో నీ దాసురాలు అంటానండీ."

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

టేక్ తొమ్మిది అయ్యేసరికి మూడు కావస్తోంది. మార్తమ్మ హెడ్‌ఫోన్లు తీసేసింది. "నా వల్ల కాదు. నేను ఎప్పుడూ ఇంకొకళ్ళ మొహం చూసి మాట్లాడినదాన్ని. ఎదర తెర ఉండాలి, తెర మీద మనిషి ఉండాలి, ఆ మనిషి పెదాలు కదలాలి. ఇక్కడేముంది, గోడ! గోడ మొహం చూసి నా పేరు నేను చెప్పుకోనా? పిచ్చిదానిలాగా?"

పైకే అరిచింది. ఆవిడ అరవగా ఆ కాలేజీలో ఎవరూ వినలేదు. సాయిశ్రీనివాస్ పొరపాటున అది కూడా రికార్డు చేసి, ఎవరూ అడగకుండానే తుడిచేశాడు.

భువన ఒక్క క్షణం ఆలోచించింది. స్క్రిప్టు కాగితం తీసుకుంది, అద్దానికి అవతల, సరిగ్గా మార్తమ్మ మొహానికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మేడమ్, నేను చెప్త. సప్పుడు మీకు ఇనపడది. మీరు నాకు డబ్బింగు చెప్పుండ్రి," అంది మైకులో, చేతులతో కూడా చూపిస్తూ.

సాయిశ్రీనివాస్ గడియారం చూశాడు. "టేక్ టెన్," అన్నాడు.

భువన పెదాలు కదిలాయి. మార్తమ్మ కళ్ళు వాటి మీద నిలిచాయి, చేయి తనంతట తానే పొట్ట దగ్గరికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఊపిరి అక్కడి నుంచే తీయాలి. తెలుగు సంభాషణ, ఉచ్చారణ. ఆ పిల్ల చెబుతున్నది తనకు ఇష్టమైన తినుబండారం గురించి చెల్లెలికి చెబుతున్నట్టుంది. మాట మనిషికి అందం. అక్కడ కొంచెం నవ్వింది, ఎందుకో. బోధకురాలు శ్రీమతి. ఆ తర్వాత ఆ పిల్ల పెదాలు ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి, మళ్ళీ మెత్తగా మూసుకుని తెరుచుకున్నాయి. కళ్ళు వెలిగాయి. మనింటికి ఎవరొచ్చారో చూడు అన్నట్టు వెలిగాయి.

ఇంకొకళ్ళ మొహంలో తన పేరు అలా ఉంటుందని మార్తమ్మకు ఇన్నేళ్ళూ తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, ఆవిడ పని అంతే కదా.

జాన్ బాబు తల వంచుకుని డైరీలో ఏదో రాసుకుంటున్నట్టు నటించాడు. సాయిశ్రీనివాస్ గొంతు సవరించుకుని, "ఓకే మేడమ్," అన్నాడు. "ఇది న్యూట్రల్ కిందకి వస్తుందో రాదో నాకు డౌటే. కానీ వర్డ్స్ అయితే సేమ్," అన్నాడు.

మూడున్నరకు ఇరవై నాలుగు ఫోన్లు మోగాయి.

నలుగురూ సాయిశ్రీనివాస్ గదిలో కూర్చున్నారు. మూడూ ముప్పావుకు ఎనిమిది. నాలుగింటికి పదకొండు. నాలుగుంపావుకు పన్నెండు, అప్పుడే డ్రోన్‌లో కూడా ఇద్దరు పెరిగారు. రాబర్ట్ తలుపు దగ్గరికొచ్చి ఇంక ఆపమనండి సార్ అని వేడుకుని వెళ్ళాడు. నాలుగున్నరకు పదమూడు. మార్తమ్మ కంప్యూటరు వైపు చూడటం మానేసి కిటికీలోంచి బండరాయి వైపు చూస్తూ కూర్చుంది. జాన్ బాబు ఈ రెండు రోజుల తిరుగుడుకు అలసిపోయి, కుర్చీలో తల వెనక్కి వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆయన పోటీ చేసిన ప్రతి ఎన్నికలోనూ లెక్కింపు వేళ నిద్రపోయాడు. అందుకే ఓటమి ఆయనకు ఎప్పుడూ మర్నాడే తెలిసేది.

నాలుగూ నలభైకి పద్నాలుగు. అక్కడ ఆగింది.

నాలుగూ నలభై అయిదు, పద్నాలుగు. నాలుగూ నలభై తొమ్మిది, పద్నాలుగు.

"మిగిలినవాళ్ళు నొక్కరు మేడమ్. ఎక్స్‌పీరియన్స్‌తో చెబుతున్నాను," అన్నాడు సాయిశ్రీనివాస్.

"పద్నాలుగు అంటే ఎక్కువే," అంది మార్తమ్మ. ఆ మాట చాలా బాగా చెప్పింది, ఎవరైనా నమ్మేస్తారు. అప్పుడు భువన వైపు తిరిగింది. "నీతో కలిపి పద్నాలుగు. నా కోసం చాలా చేశావు తల్లీ."

భువన నేల చూపులు చూస్తోంది.

"నాతో కలిపి కాదు మేడమ్."

"అంటే?"

"నేను డ్రోన్ల ఉన్న."

మార్తమ్మకు అర్థం కాలేదు.

"సోమవారం పొద్దుగాల బస్సుల ఉన్న మేడమ్. ఫోనొచ్చింది. ఆకాశం నుంచి సూస్తే మీ వీధి ఎట్లుంటదో తెలుసా అని మీరు అడిగిన్రు. గట్ల నన్ను ఎవరూ అడగలే. బోరబండల మా గల్లీ పైనుంచి ఎట్లుంటదో అని మనసు ఆగలే, నొక్కేసిన. నాలుగోది ఇనేలోపు." ముక్కు ఎగబీల్చింది. "ఇన్నంక ఏడ్చిన మేడమ్, ఒట్టు. మార్చుకుందామంటే వీలు లేదని మీరే చెప్పిన్రు. గంత గట్టిగ చెప్తే ఇంకేం అడుగుత?"

మార్తమ్మను ముంచిందీ తన గొంతే, తలుపు గడియ పెట్టిందీ తన గొంతే. జాన్ బాబు డైరీలో ముప్ఫై ఒక్కమంది గుర్తొచ్చారు. వాళ్ళు అబద్ధం ఆడలేదు పాపం. మంగళవారానికే ఎక్కడో ఒకచోట నొక్కేసి ఉన్నారు. వీలు లేదని ఎవరో అంత గట్టిగా చెప్పాక, ముసలాయన మొహం మీద కాదనలేక, తప్పకుండా అంకుల్ అన్నారు.

"పోనీలే," అంది చివరికి. "రూలు రూలే."

సాయిశ్రీనివాస్ కంప్యూటరు మీద నుంచి తల ఎత్తాడు. ఆయన మొహంలో ఎప్పుడూ లేని ఇబ్బంది ఏదో కనిపించింది.

"రూలు కాదు మేడమ్. డైలాగు."

"ఏంటీ?"

"కిందటేడు చేంజ్ కోసం మూడొందల సార్లు వచ్చారు స్టూడెంట్స్, ఒకడే అయిదుసార్లు వచ్చాడు. ఆ హెడేక్ పడలేక లాస్ట్‌లో ఆ లైన్ యాడ్ చేశాను. సిస్టమ్‌లో అయిదింటి దాకా ఎవరైనా మార్చుకోవచ్చు." స్క్రీను ఆవిడ వైపు తిప్పాడు. "మీరు చెప్పాక ఒక్కడంటే ఒక్కడు రాలేదు మేడమ్. నిజం చెప్పాలంటే సోమవారం విన్నాక నేను కూడా రూలేనేమో అనుకున్నాను. ఇప్పుడే మాన్యువల్ తీసి చూశాను."

భువన ఫోను మీద పడింది. తొందరలో మొదట మార్కెటింగ్ నొక్కింది, ఓ దేవుడా అని అరిచింది, వెనక్కి వచ్చి నాలుగు నొక్కింది. టైము నాలుగూ యాభై ఆరు.

కంప్యూటరులో పద్నాలుగు పదిహేనయింది.

"మీ గల్లీ?" అంది మార్తమ్మ.

"గల్లీ యాడికి పోతది మేడమ్? రాబర్ట్ సార్‌ను అడిగి ఒకపారి సూస్త," అంది భువన. వాళ్ళమ్మకు ఫోను చేస్తూ వరండాలోకి పరిగెత్తింది.

సాయిశ్రీనివాస్ మళ్ళీ మామూలు మనిషైపోయాడు. ఒక ఫారం తెరిచాడు. "ఎలక్టివ్ ఫోర్, కన్‌ఫర్మ్‌డ్. నోటీసు బోర్డుకు పంపాలి," అని కీబోర్డు మీద వేళ్ళు పెట్టాడు. "ఫ్యాకల్టీ పేరు?"

మధ్యాహ్నమంతా ఆ పేరు పదిసార్లు రికార్డు చేసిన మనిషి అడిగాడీ ప్రశ్న. ఆఫీసు మనిషి కదా, ఫారం అడిగింది కాబట్టి ఆయనా అడిగాడు.

మార్తమ్మ అలవాటు కొద్దీ ఎదురుగా చూసింది. భువన లేదు. సాయిశ్రీనివాస్ పెదాలు బిగించి స్క్రీను చూస్తున్నాడు. ఆ గదిలో కదిలే పెదాలు ఏమన్నా ఉంటే జాన్ బాబువే, అవి గురకకు కదులుతున్నాయి.

"మార్తమ్మ," అంది.

"కొంచెం గట్టిగా మేడమ్. ఏసీ సౌండ్."

ఆవిడ పొట్ట మీద చేయి పెట్టుకుంది. ఊపిరి తీసింది. వరండాలో వెళుతున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత నిండుగా చెప్పింది.

"మార్తమ్మ."

జాన్ బాబు ఉలిక్కిపడి లేచాడు. డైరీ కింద పడింది. గదంతా బిత్తరగా చూశాడు.

"ఎవరే నిన్ను పిలుస్తున్నారు?"

"నేనేనండీ," అంది మార్తమ్మ.